పెద్ద కైట్ ఎక్కువ ఎత్తుకు లేపదు: కైట్‌బోర్డింగ్ జంప్‌లపై అపోహలు - వాస్తవాలు

పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే కాళ్లకింద బోర్డుతో నీళ్లమీద జారుతూ, గాల్లోకి లేచే ఆటే కైట్‌బోర్డింగ్. నేను రామేశ్వరంలో అది నేర్పుతాను. అక్టోబరు వచ్చిందంటే అక్కడ దక్షిణపు గాలి పడిపోతుంది. ఉత్తరపు గాలి కుదురుకునేదాకా నేను తిరుపతిలో ఇంటి దగ్గరే ఉంటాను. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు ఆ రోజుల్లోనే వచ్చి కలుస్తారు. వచ్చిన ప్రతివాడిదీ ఒకటే మాట: "అన్నా, తొమ్మిదితో రెండు మీటర్లు దాటి లేవలేకుండా ఉండా. ఈసారి పన్నెండు ఇయ్యన్నా." తొమ్మిది, పన్నెండు అంటే కైట్ సైజు, చదరపు మీటర్లలో. మొన్న ఆదివారం అలిపిరి దగ్గర టీ తాగుతుంటే ఇంకొకడు అదే అడిగాడు. ఒక్కొక్కరికీ చెప్పేకంటే రాసిపెట్టడం మేలనిపించింది. మోకాలు పోగొట్టుకున్నవాళ్లను, భుజం జారినవాళ్లను చూశాను. వాళ్లలో ఎక్కువమంది ఆ రోజు పట్టుకున్నది గాలికి మించిన కైటే.

అపోహ: కైట్ ఎంత పెద్దదైతే అంత ఎత్తు.

కాదు. ముందు లెక్క చూడండి. గాలి బలం దాని వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, ఇంటర్‌లో చదివిందే. 15 నాట్ల (నాట్ అంటే గాలి వేగానికి కొలత) గాలిలో 12 మీటర్ల కైట్ అంటే 12 ఇంటూ 225, మొత్తం 2,700. 20 నాట్లలో 9 మీటర్లంటే 9 ఇంటూ 400, అంటే 3,600. చిన్న కైట్‌లోనే బలం ఎక్కువుంది. కేప్‌టౌన్‌లో 2013 నుంచి జరుగుతున్న రెడ్‌బుల్ కింగ్ ఆఫ్ ది ఎయిర్ జంప్ పోటీల వీడియోలు మీరంతా చూస్తారు. అంత ఎత్తు లేచేవాళ్ల కైట్లు ఎంత చిన్నవో కూడా చూడండి.

"అదే 20 నాట్లలో పన్నెండు పట్టుకుంటే 4,800 కదన్నా?" అంటారు. లాగుడు పెరుగుతుంది, నిజమే. అయితే ఎటు లాగుతుందన్నది అసలు ప్రశ్న. మన చంద్రగిరి పక్క ఎ.రంగంపేటలో పశువుల పండగ చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. కోడె పగ్గం పట్టినవాడి మడమలు నేలలో నాటుకుని, ఒళ్లు వెనక్కి వాలి ఉన్నంతసేపే పగ్గం బిగిసి ఉంటుంది. మడమ జారిందా, ఇక కోడె పోయిన దిక్కుకు ఈడ్చుకుపోవడమే. నీళ్లలోకి కోసి పట్టే బోర్డు అంచు, అంటే ఎడ్జ్, ఆ మడమే. మీరు ఎడ్జ్ నిలుపుకోగలిగినంత లాగుడే లైన్లలో (కైట్ తాళ్లలో) బిగువుగా నిలుస్తుంది, ఆ బిగువే మిమ్మల్ని పైకి తీస్తుంది. అంతకుమించితే బోర్డు జారి, కైట్ మిమ్మల్ని నీళ్ల మీదే పక్కకు లాక్కుపోతుంది. పైగా పెద్ద కైట్ నెమ్మదిగా తిరుగుతుంది. మీరు పన్నెండు గంటలకు, అంటే గడియారంలో పన్నెండు ఉన్నట్టు సరిగ్గా నెత్తిమీదికి, రమ్మన్నప్పుడు రాదు, వచ్చాక అక్కడ ఆగదు.

నేనూ ఈ తప్పు చేశాను. మూడో సీజన్‌లో ఒకరోజు పొద్దున గాలి 16 నాట్లు. పన్నెండు ఎగరేసుకుని దిగాను. పదకొండయ్యేసరికి 24 అయింది. అంటే అదే కైట్‌లో బలం రెండింతలు దాటిపోయింది. ఒడ్డుకొచ్చి తొమ్మిదికి మారాల్సింది. ఇంకొక్కటి చూసి పోదామనుకున్నాను. కైట్ పన్నెండు గంటల చోటు దాటి నా వెనక్కి పోయింది, దాని కింద నేను లోలకంలా ఊగి ఎడమకాలి మీద పడ్డాను. మోకాలి లిగమెంట్ తెగింది. తొమ్మిది నెలలు మా నాయన బండి మీద కూర్చోబెట్టుకుని ఫిజియోథెరపీకి తిప్పాడు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతానన్న మొక్కు తీరడానికి రెండేళ్లు పట్టింది. పన్నెండు అడిగే ప్రతి పిల్లాడిలో నాకు ఆ రోజు కనబడుతుంది. అందుకే గొంతు లేస్తుంది, కోపగించుకోవద్దు.

మరి ఎత్తు ఎలా వస్తుంది? కుడివైపు పోతున్నారనుకోండి, కైట్ ఒంటిగంట దగ్గర ఉంది. వేగం పట్టాక బోర్డును కొద్దికొద్దిగా గాలికి ఎదురు తిప్పుతూ మడమల మీద బరువు పెంచండి. వెనక చేత్తో కైట్‌ను పన్నెండు వైపు పంపండి. చాలామందికి ఇక్కడే చెడుతుంది. కైట్ కదలగానే ఆత్రంగా ఎడ్జ్ వదిలి బోర్డును నీళ్లమీద చదునుగా పరిచేస్తారు, బిగువంతా ఆ క్షణంలోనే పోతుంది. ఇంకొందరు బార్‌ను (కైట్‌ను తిప్పే చేతికర్రను) ముందే గుండెలకు లాగేసుకుంటారు, కైట్ ఊపిరాడక నిలబడిపోతుంది. కైట్ పన్నెండుకు చేరేదాకా ఎడ్జ్ వదలొద్దు. చేరాక బార్ లోపలికి లాగడం, కాళ్లు చాచి తన్నడం, రెండూ ఒక్కసారే జరగాలి. గాల్లో కైట్ నెత్తిమీదే ఉండాలి. దిగడం మొదలవగానే ముందు చేత్తో దాన్ని పోయే దిక్కుకు దించి, బోర్డు ముక్కును గాలి వాలుకు పెట్టి దిగాలి. తొమ్మిదితో ఇది వరసగా పదిసార్లు చేసినవాడు రెండు మీటర్ల దగ్గర ఆగిపోవడం నేను చూడలేదు.

అపోహ: భయమేస్తే బార్ వదిలేస్తే చాలు.

నీళ్ల మీద ఉన్నప్పుడు నిజం. గాల్లో ఉన్నప్పుడు వదిలితే మిమ్మల్ని మోస్తున్నదాన్నే వదిలినట్టు. "నీళ్లే కదా, మెత్తగా ఉంటాయి" అనేవాళ్ల కోసం ఇంకో లెక్క: 5 మీటర్ల ఎత్తు నుంచి కైట్ ఆసరా లేకుండా పడితే నీటిని తాకేటప్పటికి మీ వేగం గంటకు 35 కిలోమీటర్లు. ఇంపాక్ట్ వెస్ట్ (దెబ్బ కాచే జాకెట్), హెల్మెట్ లేకుండా జంప్‌లు నేర్పమని నన్ను అడగొద్దు.

ఒక అమ్మ ఈమధ్య ఫోన్ చేసి, "వాన్ని సముద్రంలోకి ఈడ్చుకునిపోతే ఎట్లప్పా?" అని అడిగింది. ఆమె గొంతు వణుకుతూ ఉంది. అమ్మా, మీ భయం న్యాయమైనదే. అందుకే మొదటిరోజు జంప్ మాటే ఎత్తం. ఆపదలో వాడే క్విక్ రిలీజ్ నొక్కితే కైట్ ఒకే లైన్ మీద వేలాడి బలం కోల్పోతుంది. అప్పటికీ లాగుతుంటే లీష్‌కు (ఒంటికి కట్టిన ఆఖరి తాడుకు) ఇంకో రిలీజ్ ఉంటుంది, కైట్ పూర్తిగా విడిపోతుంది. కళ్లు మూసుకుని రెండూ తడిమి తీయగలిగేదాకా మీవాణ్ణి నీళ్లలోకి పంపను. మీరొచ్చి ఒడ్డున కూర్చుని చూసుకోవచ్చు.

అపోహ: తుఫాను ముందు గాలి బాగుంటుంది, తూపిలిపాళెం బీచ్‌కు పోతే చాలు.

ఈ పుకారు ప్రతి నవంబరులో లేస్తుంది. దయచేసి వద్దు. ఆ గాలి నిలకడగా ఉండదు. 18 నుంచి ఒక్క విసురుకు 26 అయిందంటే బలం రెండింతలైనట్టే. పైగా మన తీరంలో తూర్పుగాలి సముద్రం మీంచి నేరుగా ఒడ్డుకు కొడుతుంది. దూకినవాడు దిగేది నీళ్లలో కాదు, ఇసుకలోనో సరుగుడు చెట్లలోనో. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్నరోజు కైట్ సంచి విప్పకూడదు. ఇందులో బేరం లేదు.

పులికాట్‌లో నీళ్లు లోతుండవు, అక్కడైతే ప్రమాదం లేదంటారు కొందరు. అది పక్షుల అభయారణ్యం, రాజహంసలు దిగేచోట కైట్ ఎగరేయకూడదు. అదీగాక జంప్‌కు మోకాటిలోతు నీళ్లే ఎక్కువ ప్రమాదం, పడితే నేలే తగులుతుంది. కనీసం నడుము దాటిన లోతు కావాలి.

లావుగా ఉన్నవాళ్లు లేవలేరన్నది ఉత్తమాట, వాళ్లకు కొంచెం పెద్ద కైట్ కావాలి, అంతే. జిమ్‌లో తొడలు పెంచితే ఎత్తు పెరుగుతుందన్నదీ అంతే. కాళ్ల బలం ఎడ్జ్ పట్టుకోవడానికి, దిగేటప్పుడు మోకాలు కాచుకోవడానికి పనికొస్తుంది. పైకి తీసేది మాత్రం కైటే.

ఈ నెలంతా సాయంత్రం అయిదు నుంచి మా పెరట్లో వేపకొమ్మకు బార్ కట్టి ఉంటుంది. హార్నెస్ (బార్‌కు తగిలించే నడుము పట్టీ) తగిలించుకుని, వెనక్కి వాలి, మడమలు నాటి, నేను "పన్నెండు" అనేదాకా కదలకుండా ఉండటమే సాధన. పన్నెండు మీటర్ల కైట్ అడగాలనుకున్నవాళ్లు ముందు దీనికి రండి. హార్నెస్ మీదే తెచ్చుకోండి, నా దగ్గర ఉన్నవి రెండే.