మారటోరియం మాఫీ కాదు: గడ్డుకాలంలో ప్రభుత్వ సాయంపై అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల పారిశ్రామిక ప్రాంతాల్లో ఆర్డర్లు కాస్త తగ్గగానే నా దగ్గరికి వచ్చే చిన్న పరిశ్రమల యజమానులు అడిగే మొదటి ప్రశ్న ఏళ్లు గడిచినా మారడం లేదు: "సార్, మాఫీ ఎప్పుడు ప్రకటిస్తారు?" బ్యాంకు రుణ విభాగంలో పనిచేసినన్నాళ్లూ ఇదే విన్నాను. ఉద్యోగం వదిలి, అప్పుల్లో ఇరుక్కున్నవారి తరఫున ఫైళ్లు తయారుచేస్తున్న ఈ రోజుల్లోనూ ఇదే వింటున్నాను. అడిగేవారి మీద నాకు కోపం లేదు, వారు రాత్రిళ్లు నిద్రపోవడం లేదని ముఖం చూస్తేనే తెలుస్తుంది. వారికి ఆ ఆశ పెట్టి వాట్సాప్‌లో వీడియోలు పంపేవారి మీదే నా కోపమంతా.

అపోహ: మాంద్యం వస్తే ప్రభుత్వం అప్పులు మాఫీ చేస్తుంది కనుక, అంతవరకు ఈఎంఐలు కట్టకుండా ఆగడమే తెలివైన పని.

ఈ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. తెలంగాణలో 2014 తర్వాత లక్ష రూపాయల వరకు, 2024లో రెండు లక్షల వరకు రైతు రుణమాఫీ జరగడం అందరూ చూశారు. అయితే అవి పంట రుణాలు, ఆ సొమ్మును రాష్ట్రం తన బడ్జెట్ నుంచి బ్యాంకులకు చెల్లించింది. బ్యాంకింగ్ కేంద్ర జాబితాలోని అంశం కాబట్టి, ఫలానా అప్పు వదిలేయమని బ్యాంకును ఆదేశించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి లేదు. లేత్ మెషిన్ మీద తెచ్చిన టర్మ్ లోన్‌కు రైతు రుణమాఫీతో ఏ సంబంధమూ లేదు.

2020లో వచ్చిన మారటోరియం కూడా మాఫీ కాదు. ఆ ఏడాది మార్చి 1 నుంచి ఆగస్టు 31 వరకు కిస్తు కట్టకపోయినా ఖాతా చెడిపోదని రిజర్వు బ్యాంకు వెసులుబాటు ఇచ్చింది తప్ప వడ్డీ పెరగడం ఆగలేదు. 12 శాతం వడ్డీకి 10 లక్షల బాకీ, ఇంకా 60 నెలల గడువు ఉన్న ఖాతాను తీసుకోండి. దాని ఈఎంఐ సుమారు 22,244 రూపాయలు. ఆరు నెలలు ఆపితే బాకీ 10,61,520కి చేరుతుంది. అదే ఈఎంఐతో దాన్ని తీర్చడానికి 60కి బదులు 65 కిస్తులు కట్టాక కూడా కొంత మిగులుతుంది, అంటే అదనంగా కట్టేది దాదాపు 1 లక్షా 15 వేలు. కేంద్రం ఆ నవంబరులో తిరిగి జమ చేయించింది వడ్డీ మీద వడ్డీని మాత్రమే, ఈ ఖాతాకు అది 1,520 రూపాయలు. పూర్తి వడ్డీ మాఫీ కుదరదని 2021 మార్చి 23న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

ఆ తీర్పు వచ్చిన మూడు నెలలకు బాలానగర్ నుంచి ఒక యజమాని, ఆయన భార్య నా దగ్గరికి వచ్చారు. రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిన్, ఏడుగురు పనివాళ్లు, 18 లక్షల అప్పు. బట్టల దుకాణం సంచిలో బ్యాంకు పంపిన కవర్లన్నీ పెట్టుకొచ్చారు, వాటిలో సగం చింపి కూడా చూడలేదు. "తెరిస్తే ఏముంటుందోనని భయమండీ," అని ఆమె మెల్లగా అన్నారు. నేను ఒక్కొక్కటే తెరిచి తేదీల వరుసలో బల్ల మీద పరిచాను.

2020 జులై నాటి ఉత్తరంలో ఉన్నది కేంద్ర హామీతో వచ్చిన అత్యవసర రుణం. ఫిబ్రవరి 29 నాటి బాకీలో 20 శాతం, అంటే ఆయనకు 3 లక్షల 60 వేలు. తాకట్టు అక్కర్లేదు, మొదటి ఏడాది అసలు కట్టక్కర్లేదు, బ్యాంకు వడ్డీ 9.25 శాతం దాటకూడదు. నవంబరు నాటిది అప్పు పునర్వ్యవస్థీకరణకు, అంటే గడువు, కిస్తులు మార్చి రాసుకోవడానికి, దరఖాస్తు చేసుకోమన్న సూచన. 25 కోట్ల లోపు అప్పు ఉండి, 2020 మార్చి 1 నాటికి ఖాతా సక్రమంగా ఉన్న పరిశ్రమలకు 2021 మార్చి 31 వరకు ఆ అవకాశం ఉంది. ఆయన చూసిన వీడియోలో "రెండేళ్ల మారటోరియం" అన్నారట. రెండేళ్ల వరకు గడువన్న మాట నాటి ఆర్‌బీఐ సర్క్యులర్లలో లేకపోలేదు గానీ, అది అడిగినవారికి, అదీ బ్యాంకు ఆమోదించాకే.

అప్పట్లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు వల్ల ఖాతాలను ఎన్‌పీఏగా, అంటే మొండి బాకీగా, ప్రకటించడం ఆగింది, దాన్నే ఆయన మాఫీకి తొలి మెట్టు అనుకున్నారు. తీర్పుతో ఆ ఉత్తర్వు తొలగిపోగానే ఖాతా ఒక్కసారిగా ఎన్‌పీఏ అయింది. 2021 మేలో వచ్చిన రెండో విడత పునర్వ్యవస్థీకరణ మార్చి 31 నాటికి ఖాతా సక్రమంగా ఉన్నవారికే కనుక అదీ అందలేదు. చివరికి మిల్లింగ్ మెషిన్ అమ్మి సెటిల్‌మెంట్ చేసుకున్నారు. హామీ సంతకం పెట్టిన బావమరిది సిబిల్ స్కోరు కూడా దెబ్బతింది.

వాస్తవం ఏమిటంటే, గడ్డుకాలంలో వచ్చే రుణ సంబంధమైన సాయంలో ఎక్కువ భాగం ఖాతా బతికి ఉన్నవారికే అందుతుంది. స్వయం సహాయక సంఘాల వడ్డీ లేని రుణాలలో రాష్ట్రం వడ్డీ తిరిగి ఇచ్చేది సకాలంలో కట్టిన సంఘాలకే. వీధి వ్యాపారుల స్వనిధి రుణంలో 7 శాతం వడ్డీ రాయితీ సంగతీ అంతే. కట్టలేని స్థితి వస్తే చెప్పకుండా ఆగిపోవద్దు, కిస్తు ఆగి 90 రోజులు నిండి ఖాతా ఎన్‌పీఏ కాకముందే రాతపూర్వకంగా అడగండి. 2016 నుంచి అమలులో ఉన్న ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం, చిక్కుల్లో పడతానని ముందే గ్రహించిన చిన్న పరిశ్రమ తానే దరఖాస్తు చేసుకోవచ్చు. 10 లక్షల వరకు బ్రాంచి స్థాయిలోనే చూస్తారు. ఆపైన 25 కోట్ల వరకు చూసే కమిటీలో రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధికి కూడా చోటుంది. మూతపడే దశలో ఉన్న యూనిట్లను నిలబెట్టడానికే రాష్ట్రం 2017లో ఇండస్ట్రియల్ హెల్త్ క్లినిక్ అనే సంస్థను కూడా పెట్టింది.

అపోహ: పెద్ద కంపెనీ బిల్లు ఆపితే చిన్నవాడు చేయగలిగింది ఏమీ లేదు.

మాంద్యంలో చాలా యూనిట్లను ముంచేది బ్యాంకు అప్పు కంటే రావలసిన బిల్లులే. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా చెల్లించాలి, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఫిర్యాదు విని తీర్పు చెప్పే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ను ఏర్పాటు చేసేది రాష్ట్ర ప్రభుత్వమే. ఆ తీర్పును కోర్టులో సవాలు చేయదలచిన కొనుగోలుదారు ముందు 75 శాతం సొమ్ము జమ చేయాలి. ఆర్డర్లు పోతాయన్న భయం నాకు తెలుసు, అది నిజమైన భయమే. అందుకే ముందు చట్టాన్ని ఉటంకిస్తూ ఒక ఉత్తరం రాయమంటాను, చాలాసార్లు దానితోనే డబ్బు కదులుతుంది. చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మాత్రం సరుకు పంపకముందే చేసుకుని ఉండాలి. దానికి ప్రభుత్వానికి ఒక్క రూపాయి కూడా కట్టక్కర్లేదు, ఎవరైనా ఫీజు అడిగితే ఆ వెబ్‌సైటు వెంటనే మూసేయండి.

అపోహ: సాయమంతా తెల్లకార్డు ఉన్నవారికే.

2020 లాక్‌డౌన్‌లో ఆ కార్డులకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చిన మాట నిజమే. కానీ 2021లో ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం కూడా ఇచ్చారు. మా వీధిలోని ఒక లెక్కల మాస్టారు రేషన్ దుకాణం వరుసలో నిలబడటానికి మొహమాటపడి మొదటి నెల వదిలేసుకున్నారు. మొహమాటం అనవసరం, అది మనం కట్టిన పన్నుల సొమ్మే.

అపోహ: రాష్ట్రం దగ్గర డబ్బుంది, ఇవ్వడం లేదంతే.

రాష్ట్రం నోట్లు ముద్రించలేదు. కేంద్రానికి బాకీ ఉన్నంతవరకు, 293వ అధికరణ ప్రకారం అప్పు తేవాలన్నా కేంద్రం అనుమతి కావాలి. 2020 మార్చి నెల జీతాల్లో రాష్ట్రం తన ఉద్యోగులకే సగం కోసి ఇవ్వవలసి వచ్చింది.

పోయిన వారం కుషాయిగూడ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. తండ్రి నడుపుతున్న ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్ కిస్తు ఆగి 41 రోజులైంది. మాఫీ గురించి అడగబోతుంటే ఆపి, ముందు స్టేట్‌మెంట్ చూపించమన్నాను. రావలసిన బిల్లులు 6 లక్షలు ఉన్నాయి, అన్నీ 45 రోజులు దాటినవే. ఆ మధ్యాహ్నమే రెండు ఉత్తరాలు రాశాం, ఒకటి కొనుగోలుదారుకు, ఒకటి బ్యాంకుకు. బ్యాంకు ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకుని, సాయంత్రం ఆ ఫొటో నాకు పంపింది.