నగల బిల్లులోకి తరుగు ఎలా వచ్చింది?

పెళ్ళిళ్ళ సీజన్‌లో హైదరాబాద్‌లోని అబిడ్స్, బషీర్‌బాగ్, సోమాజిగూడ, కూకట్‌పల్లి నగల దుకాణాల్లో జనం బేరమాడేది బంగారం రేటు మీద కాదు. రేటు బోర్డు మీద రాసే ఉంటుంది. బేరమంతా తరుగు మీదే, అంటే నగ తయారీలో పోయిందని బరువుకు అదనంగా కలిపే లెక్క మీదే. "తరుగు ఎంత వేస్తున్నారు? కొంచెం చూసి వేయండి" అనే మాట ప్రతి కౌంటర్ దగ్గరా వినిపిస్తుంది. 20 గ్రాముల హారానికి 15 శాతం తరుగు వేశారనుకుందాం. అంటే 3 గ్రాములు. మెడలో పడేది 20 గ్రాములు, డబ్బు కట్టేది 23 గ్రాములకు. ఆ మొత్తం మీద 3 శాతం జీఎస్టీ. ఇంటికి రాని బంగారానికి కూడా పన్ను కడుతున్నామన్న మాట.

తరుగు మొదటి నుంచీ ఇలా లేదు. ఒకప్పుడు అది నిజంగా జరిగే నష్టానికి పేరు.

తరగడం అంటే కొంచెం కొంచెంగా తక్కువవడం. పౌర్ణమి దాటాక చంద్రుడు తరుగుతాడు. ఎండాకాలంలో చెరువు నీళ్ళు తరుగుతాయి. కూర్చుని తింటే ఆస్తి తరిగిపోతుంది. తగ్గడం వేరు. జ్వరం, కోపం, ధర ఒక్క పూటలో తగ్గొచ్చు, మర్నాడు మళ్ళీ పెరగొచ్చు. తరగాలంటే మాత్రం వాడకం వల్లో అరుగుదల వల్లో రోజులు గడిచేకొద్దీ పోతూ ఉండాలి. యంత్రం విలువ ఏటేటా పడిపోవడాన్ని తెలుగు మీడియం కామర్స్ పుస్తకాల్లో తరుగుదల అన్నారు. ఆ మాటను ఎంచినవాళ్ళకు భాష బాగా తెలుసు. వీటిలో ఎక్కడా తరిగించేవాడు లేడు. అది తనంతట తాను జరిగిపోయేది.

కంసాలి దగ్గర తరుగు కూడా అలాంటిదే. రెడీమేడ్ నగల దుకాణాలు ఇంతగా లేని రోజుల్లో, ఇంట్లో ఉన్న పాత బంగారాన్నే అతని దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు. చిన్న త్రాసులో గురిగింజలు వేసి తూచేవాడు. మూసలో పెట్టి కుంపటి మీద కరిగిస్తే మలినం కొంత పోతుంది. తీగ కత్తిరించినప్పుడు, ఆకురాయితో రాసినప్పుడు, మెరుగు పెట్టినప్పుడు రజను రాలుతుంది. ఆ రజను పడటానికి ఒళ్ళో గుడ్డ పరుచుకునేవాడు. కుంపటి బూడిద కూడా పారేసేవాడు కాదు. అయినా ఎంతో కొంత నేలపాలవుతుంది. చార్మినార్ దగ్గర కంసాలి పని జరిగే సందుల్లో దుమ్ము ఊడ్చుకెళ్ళి, మోరీ మట్టి ఎత్తుకెళ్ళి, కడిగి బంగారం తీసి బతికినవాళ్ళు ఉన్నారు. నష్టం నిజమేనని చెప్పడానికి ఇంకే సాక్ష్యం కావాలి? అందుకే తులానికి ఇంత తరుగు అని ముందే మాట్లాడుకునేవాళ్ళు. మజూరీ, అంటే పనికి ఇచ్చే కూలి, వేరే. నగ చేతికిచ్చేటప్పుడు "ఇంత తరుగు పోయింది" అని చెప్పేవాడు.

1963 జనవరిలో కేంద్ర ప్రభుత్వం బంగారం నియంత్రణ నిబంధనలు తెచ్చింది. 14 క్యారెట్లకు మించి కొత్త నగలు చేయకూడదంది. దేశమంతటా కంసాలి కుటుంబాలు చితికిపోయాయి. క్యారెట్ల ఆంక్ష తర్వాత సడలినా, 1968 చట్టంతో నియంత్రణ మాత్రం కొనసాగింది. ఆ చట్టం 1990లో రద్దయింది. ఆ తర్వాత పెద్ద షోరూములు విస్తరించాయి. ఇప్పుడు నగ ముందే తయారై అద్దాల వెనక ఉంటుంది. కొనేవాళ్ళ కళ్ళముందు ఏదీ కరగదు, ఏదీ రాలదు. గొలుసుల్లో చాలావరకు మిషన్ మీదే వస్తున్నాయి. రాలిన రజనును పోగుచేసి, శుద్ధి చేసి మళ్ళీ వాడుకుంటారు. తరుగు మాత్రం బిల్లులోనే ఉండిపోయింది, శాతంగా మారింది. జనం మాట కూడా దాంతోపాటే మారింది. "తరుగు పోయింది" అనేవాళ్ళు "తరుగు తీశారు", "తరుగు వేశారు" అంటున్నారు. తనంతట తాను జరిగేదాన్ని ఇప్పుడు ఒకరు చేస్తున్నారు.

ఆ శాతంలో పనితనం, డిజైన్, షాపు ఖర్చు, లాభం అన్నీ కలిసి ఉంటాయి. బంగారం మీద బొమ్మలు చెక్కే నక్షీ పనికి ఎక్కువ తీసుకోవద్దని ఎవరూ అనరు. అది చేయి తిరిగినవాళ్ళు కళ్ళు పోగొట్టుకుని చేసే పని. దాన్ని మజూరీ అనే తీసుకోవచ్చు. పోకుండానే పోయిందని చూపే బంగారం పేరు మీద తీసుకోవడమే తప్పు. కంసాలిని దొంగగా చూపే సామెతలు మనకు చాలా ఉన్నాయి, ఇప్పటికీ వాడుతున్నారు. చార్మినార్ దగ్గరి ఘాన్సీ బజార్‌లో ఇరుకు గదుల్లో ఇప్పుడు నగలు చేసే బెంగాలీ కుర్రాళ్ళ చేతిలో ఈ శాతం లేదు. ఆ నింద వాళ్ళకు అంటగట్టడం అన్యాయం.

హాల్‌మార్క్ వచ్చింది కదా అంటారు. 2000లో మొదలైన హాల్‌మార్కింగ్‌ను 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ, అంటే ప్రతి నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. దానివల్ల 22 క్యారెట్లని చెప్పి తక్కువది అంటగట్టడం కష్టమైంది. కానీ హాల్‌మార్క్ చెప్పేది స్వచ్ఛత ఒక్కటే. తరుగు దాని పరిధిలోకి రాదు.

ఇదే మాట మీద ఊళ్ళలో ధాన్యం కొనుగోలు కేంద్రాల దగ్గర ప్రతి సీజన్‌లో గొడవ జరుగుతుంది. పచ్చి వడ్లు ఆరితే బరువు తరుగుతుంది, అది ప్రకృతి. అందుకే తేమ 17 శాతం మించకూడదని ప్రమాణం పెట్టారు. ఆ లెక్కకు ఆరబెట్టి తెచ్చాక కూడా బస్తాకు ఇంతని తరుగు తీస్తున్నారనేది రైతుల బాధ. అది న్యాయమైన బాధ.

నగ తిరిగి అమ్మేటప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. కొన్నప్పుడు కట్టిన ఆ 3 గ్రాముల ఊసే ఉండదు. ఉన్న 20 గ్రాముల్లో కూడా "కరిగిస్తే తరుగు పోతుంది కదమ్మా" అని మళ్ళీ కొంత కోస్తారు. కొనేముందే తరుగును శాతంలో కాకుండా గ్రాముల్లో చెప్పమనాలి. రాళ్ళ నగైతే ఇంకోటి కూడా అడగాలి: ఆ తరుగు మొత్తం బరువు మీద వేశారా, రాళ్ళు తీసేసిన నికర బరువు మీద వేశారా అని.