22 లక్షల అడుగులు

చిన్నారులకు,

"తాతయ్యా, రోజంతా కంప్యూటర్‌లో ఏం చూస్తావు?" అని మొన్న ఫోన్‌లో అడిగారు కదా. రెండు ముక్కల్లో చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎలక్ట్రాన్లను బాగా ఉరికించాలంటే పెద్ద యంత్రాలు కావాలి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఉన్నదాని పొడవు సుమారు 3 కిలోమీటర్లు. లోహపు గొట్టంలో విద్యుత్ క్షేత్రం హద్దు మీరితే నిప్పురవ్వలు లేచి గొట్టమే పాడవుతుంది. అందుకే కొంచెం కొంచెంగా తోస్తారు. ప్లాస్మా అనే వాయువుకు ఆ భయం లేదు, అందులో పరమాణువులు ముందే ఎలక్ట్రాన్లుగా, అయాన్లుగా (ఎలక్ట్రాన్లు పోగా మిగిలిన బరువైన ముక్కలు) చీలిపోయి ఉంటాయి.

1979లో టజీమా, డాసన్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు ఒక దారి చూపించారు. చిన్న లేజర్ మెరుపును ప్లాస్మాలోకి పంపితే అది పడవలా దూసుకుపోతూ ఎలక్ట్రాన్లను పక్కకు నెడుతుంది. బరువైన అయాన్లు కదలవు. అవి ఎలక్ట్రాన్లను మళ్లీ వెనక్కి లాగడంతో పడవ వెనక అల లేస్తుంది. సరైన చోట ఆ అలనెక్కిన ఎలక్ట్రాన్ దానితో పాటే ఉరుకుతుంది. దీనికి సరిపడా లేజర్లు అప్పటికి లేవు. ఆ ఇద్దరూ కంప్యూటర్ లెక్కల్లోనే ఈ పరుగును చూశారు! నాకు ఇది ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

నేను చేసేదీ అలాంటి లెక్కే. ప్లాస్మాను సన్నని గళ్లుగా విడగొడతాం. లెక్కలేనన్ని ఎలక్ట్రాన్లను గుంపులు కట్టి, ఒక్కో గుంపును ఒక్క రేణువుగా తీసుకుంటాం. రేణువులు కదిలితే కరెంటు, కరెంటు వల్ల క్షేత్రం, క్షేత్రం వల్ల మళ్లీ కదలిక. ఈ చుట్టు ఒకసారి పూర్తయితే ఒక అడుగు. లేజర్ కాంతి అల పొడవు 0.8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మీటరులో పది లక్షల వంతు). దాన్ని 20 గళ్లు చేస్తే ఒక్కో గడి 0.04 మైక్రాన్లు. ఒక అడుగులో కాంతి గడి దాటకూడదు. అంటే 9 సెంటీమీటర్లు నడవడానికి 22 లక్షలకు పైగా అడుగులు. ఒక్కో అడుగులో కోట్ల రేణువులు. అందుకే సూపర్ కంప్యూటర్లు.

ఒకసారి తొందరలో గళ్లు పెద్దవి పెట్టాను. ఎలక్ట్రాన్లు అలలో తమను తోసే చోటును చాలా ముందే దాటిపోయి నీరసపడ్డాయి. మూడు రోజులు కారణం వెతికాను. తప్పు ప్లాస్మాది కాదు. గళ్లు ముతకగా ఉంటే లెక్కలోని కాంతి అసలు కాంతికన్నా నెమ్మదిగా నడుస్తుంది. అప్పటి నుంచి ఏ బొమ్మ వచ్చినా, గళ్లు సగానికి తగ్గించి మళ్లీ నడిపి, రెండూ కలిస్తేనే నమ్ముతాను.

2014లో అమెరికాలోని బర్క్‌లీ ప్రయోగశాలలో నిజంగానే 9 సెంటీమీటర్లలో ఎలక్ట్రాన్లకు 420 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వచ్చింది (ఒక వోల్టు తోపుతో ఒక ఎలక్ట్రాన్‌కు వచ్చే శక్తే ఎలక్ట్రాన్ వోల్టు). సెలవులకు రండి. లేజర్ వెనక బుడగలా ఖాళీ ఏర్పడటం, దాని తోక దగ్గర ఎలక్ట్రాన్లు వచ్చి చేరడం ఒక్కో అడుగూ ఆపి చూపిస్తాను.

మీ తాతయ్య