అరెస్టు, బెయిలు, ప్రొబేషన్: అపోహలు - వాస్తవాలు

నాకు ఎక్కువ ఫోన్లు వచ్చేది రాత్రి తొమ్మిది దాటాకే. "మేడమ్, మావాణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్లారు. ఎఫ్‌ఐఆర్ అయిందట. ఇక జైలేనా?" క్రిమినల్ కేసులు చేసే లాయర్లందరికీ ఈ గొంతు పరిచయమే. ఎవరో చెప్పిన మాట నమ్మి ఆ రాత్రే కొన్ని పొరపాట్లు చేసేస్తారు. చట్టం ఇచ్చిన హక్కుల్లో చాలావాటిని మనమే అడగాలి, అదీ అడగాల్సిన రోజునే అడగాలి. అందుకే నేను తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నాను. క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ అమల్లో ఉంది కాబట్టి సెక్షన్లు కొత్తవే చెబుతాను.

అపోహ: ఎఫ్‌ఐఆర్‌లో పేరు ఎక్కితే అరెస్టు తప్పదు.

వాస్తవం: ఎఫ్‌ఐఆర్ అంటే ఫిర్యాదు అందిందని రాసుకున్న మొదటి కాగితం. ఏడేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాల్లో, అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణాలు రాసి చూపించాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అరెస్టు అవసరం లేనప్పుడు సెక్షన్ 35(3) నోటీసు ఇస్తారు. స్టేషన్లలో ఇప్పటికీ దాన్ని 41ఏ నోటీసు అనే అంటారు. అది అందితే ఊరు వదిలి వెళ్లకండి. చెప్పిన రోజున వెళ్లండి, వెళ్లినట్టు ఆధారం దగ్గర పెట్టుకోండి. నోటీసు ప్రకారం నడుచుకునే మనిషిని అరెస్టు చేయాలంటే మళ్లీ కారణాలు రాయాలి. తప్పించుకు తిరిగితే ఆ కారణం మనమే చేతికిచ్చినట్టు.

అపోహ: స్టేషన్‌లో నేరం ఒప్పేసుకుంటే వదిలేస్తారు, లేదా ఇక శిక్ష ఖాయమైనట్టే.

వాస్తవం: రెండూ తప్పే. పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా అది సాక్ష్యంగా చెల్లదు. ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు దొరికితే మాత్రం ఆ మేరకు చెల్లుతుంది. తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పనక్కర్లేదని రాజ్యాంగం 20(3) చెబుతోంది. అరెస్టు మెమో (అరెస్టు వివరాలు రాసే కాగితం) మీద సంతకం పెట్టాల్సిందే, చదివి పెట్టండి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరు ఎంత చెప్పినా వద్దు.

ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఆ హాజరు ఎంత ముఖ్యమో చాలామందికి తెలియదు. నేను పదేపదే చూసే దృశ్యం ఇది. మేజిస్ట్రేటు అడుగుతారు: "ఎప్పుడు తీసుకెళ్లారు? కొట్టారా?" కుర్రాడు పక్కనున్న కానిస్టేబుల్ వైపు ఒకసారి చూస్తాడు. "లేదండి" అంటాడు. రికార్డులో అదే ఎక్కుతుంది. మూడు రోజుల తర్వాత జైల్లో ములాఖత్‌కి వెళితే చొక్కా ఎత్తి వీపు చూపిస్తాడు. అప్పటికి ఆ దెబ్బ ఎప్పుడు, ఎక్కడ తగిలిందో తేల్చడం ఎంత కష్టమో చెప్పలేను. అరెస్టు చేశాక వైద్య పరీక్ష తప్పనిసరి. గాయాలుంటే డాక్టరుకు చెప్పి రాయించుకోవాలి, ఆ రిపోర్టు కాపీ ఇమ్మని అడగాలి.

అపోహ: నాన్‌బెయిలబుల్ అంటే బెయిలు రాదు.

వాస్తవం: బెయిలబుల్ నేరంలో బెయిలు హక్కు, స్టేషన్‌లోనే ఇవ్వాలి. నాన్‌బెయిలబుల్‌లో కోర్టు ఆలోచించి ఇస్తుంది. తేడా అంతే.

అపోహ: బెయిలు పిటిషన్ కొట్టేశారు, ఇక విచారణ ముగిసేదాకా లోపలే.

వాస్తవం: క్యాలెండర్ చూడండి. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లకు తగ్గని శిక్ష ఉన్న నేరాల్లో 90 రోజులు, మిగతావాటిలో 60 రోజులు. ఆలోగా పోలీసులు ఛార్జిషీటు (దర్యాప్తు ముగించి కోర్టుకిచ్చే నివేదిక) వేయకపోతే కేసు ఎంత బలంగా ఉన్నా బెయిలు ఇవ్వాల్సిందే. దీన్నే డిఫాల్ట్ బెయిలు అంటాం, సెక్షన్ 187(3). గడువును మొదటి రిమాండు (మేజిస్ట్రేటు కస్టడీకి పంపిన) రోజు నుంచి, ఆ రోజును కూడా కలుపుకుని లెక్కపెట్టాలి. మాదకద్రవ్యాల కేసుల్లాంటి ప్రత్యేక చట్టాల్లో గడువు ఇంకా ఎక్కువ ఉండొచ్చు. గడువు దాటిందని కోర్టు తనంతట తాను వదిలిపెడుతుందని మాత్రం అనుకోకండి. మనం పిటిషన్ వేయకముందే ఛార్జిషీటు పడితే ఆ హక్కు అక్కడితో సరి. 61వ రోజు ఉదయం వెయ్యాల్సిన పిటిషన్‌ని "రేపు చూద్దాం" అన్నందుకు నెలల తరబడి జైల్లో ఉండిపోయినవాళ్లున్నారు. రిమాండు తేదీ ఇంట్లో గోడ మీద రాసిపెట్టుకోండి.

విచారణ సాగుతూనే ఉంటే సెక్షన్ 479 ఉంది. గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లోనే గడిచిపోతే, ఇంతకుముందు ఏ నేరమూ రుజువు కానివాళ్లకైతే మూడో వంతు గడిస్తే, విడుదల కోరవచ్చు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవాళ్లకూ ఇది వర్తించదు.

అపోహ: ఆస్తి ఉన్న స్థానిక ష్యూరిటీ (హామీదారు) లేకపోతే బెయిలు వచ్చినా దండగే.

వాస్తవం: 1978 నాటి మోతీరాం కేసు ఇదే. ఆయన తాపీమేస్త్రి. పది వేల రూపాయల ష్యూరిటీ తెమ్మన్నారు. సోదరుడు ముందుకొస్తే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. అది తప్పని సుప్రీంకోర్టు చెప్పింది. అయినా బెయిలు ఆర్డరు చేతిలో పెట్టుకుని ష్యూరిటీ దొరక్క జైల్లో ఉన్నవాళ్లను నేను ఇప్పటికీ చూస్తున్నాను, అది చూసిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది. నెలలోగా ష్యూరిటీలు ఇవ్వలేకపోతే, షరతులు సడలించే విషయం కోర్టే స్వయంగా పరిశీలించవచ్చని 2023లో సుప్రీంకోర్టు సూచించింది. కోర్టు పట్టించుకునేదాకా ఆగకుండా సడలింపు పిటిషన్ వేయండి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే ఉచిత న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

అపోహ: బెయిలు వచ్చింది, కేసు పోయింది.

వాస్తవం: కేసు అలాగే ఉంటుంది. వాయిదాకు రాకపోతే నాన్‌బెయిలబుల్ వారెంటు వస్తుంది, పైగా అదొక కొత్త నేరం.

అపోహ: నేరం రుజువైతే జైలుకే.

వాస్తవం: నేరస్తుల ప్రొబేషన్ చట్టం 1958 నుంచీ ఉంది, అడిగేవాళ్లే తక్కువ. మరణశిక్ష, యావజ్జీవం లేని నేరాల్లో, పరిస్థితులు చూసి, మూడేళ్లకు మించకుండా సత్ప్రవర్తన బాండు మీద వదిలిపెట్టవచ్చు. 21 ఏళ్లలోపు వాళ్లను జైలుకు పంపాలంటే, యావజ్జీవం లేని నేరాల్లో, ప్రొబేషన్ ఎందుకు తగదో కోర్టు కారణాలు రాయాలి.

తీర్పు చదివాక జడ్జి అడుగుతారు: "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా?" ముద్దాయి ఏడుస్తాడు, లేదా "దయచూడండి" అంటాడు. మా లాయర్లలోనూ చాలామంది అక్కడ తల దించుకుని నిలబడిపోతారు. ఇది మొదటి కేసనీ, అతని మీద ఆధారపడ్డవాళ్లున్నారనీ, పని చేసుకుంటున్నాడనీ చూపించే కాగితాలు ఆ నిమిషానికి చేతిలో సిద్ధంగా ఉండాలి. కింది కోర్టులో అడగలేకపోతే అప్పీల్లోనూ అడగవచ్చు. ప్రొబేషన్ ఇస్తే శిక్ష పడ్డందువల్ల వచ్చే అనర్హత ఉండదని ప్రొబేషన్ చట్టం సెక్షన్ 12 చెబుతోంది. అయితే ప్రభుత్వోద్యోగి మీద శాఖ తీసుకునే క్రమశిక్షణ చర్యలను అది ఆపదు. ఆ విషయం నా దగ్గరికి వచ్చే ఉద్యోగులకు మొదటి రోజే చెబుతాను.