మన తోటలు ఎర్రగా ఎందుకున్నాయి?

మన వీధి పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

నేను విశాఖలో బాగానే ఉన్నాను. బడిలో చూపించిన ఉపగ్రహం బొమ్మలో మన ఉద్దానమంతా ఎర్రగా ఉంది, తోటలు కాలిపోయాయా అని బుజ్జి రాసింది. కాలలేదమ్మా. పచ్చటి ఆకు మన కంటికి కనపడని వెలుగును కూడా వెనక్కి కొడుతుంది, అదీ చాలా ఎక్కువగా. పరారుణం అంటారు దాన్ని. ఉపగ్రహం దాన్ని పట్టగలదు. కనపడని వెలుగుకి ఏ రంగు వెయ్యాలి? ఎరుపు వేస్తారు. నీళ్లు ఆ వెలుగును మింగేస్తాయి, అందుకే చెరువు నల్లగా పడింది. 2018లో తిత్లీ తుఫానుకి కొబ్బరిచెట్లు పడిపోయాక చూసుంటే ఇంత ఎరుపు ఉండేది కాదు.

బొమ్మ వచ్చాక జరిగేది, బుజ్జీ, పలాస జీడి బట్టీలో మీ అమ్మ చేసే పనే. బల్ల మీద పప్పు పోసి గుండ్లు, బద్దలు, ముక్కలు వేరు చేస్తుంది కదా? ఉపగ్రహం బొమ్మంతా చిన్నచిన్న గళ్లే, కంప్యూటర్ ఆ గళ్లను అలాగే ఏరుతుంది: తోట, వరి, బీడు, ఇసుక. కొత్తగా చేరిన పిల్లకి మీ అమ్మ గుప్పెడు గుండ్లిచ్చి "ఇలాంటివి ఏరు" అంటుంది. కంప్యూటర్‌కీ ఎవరో ఊళ్లో నడిచి చూసొచ్చి, ఇది జీడి, ఇది కొబ్బరి అని మచ్చు చూపాలి. మచ్చులో పుచ్చుపప్పు కలిసిందా, ఆ పిల్ల రోజంతా తప్పే ఏరుతుంది. అదే వేయించిన పప్పయితే... సరే, నాకు ఆకలేస్తోంది.

నా చిన్నప్పుడు భూమిని గొలుసుతో కొలిచేవారు. రెండో కొస పట్టుకునే కుర్రాణ్ణి నేనే. ఒక ఏడు లెక్క రాసే ఆయన ఎండకి చింతచెట్టు నీడ దాటకుండానే, కోత అయిన మా గరువు చేనుని బీడని రాసేశాడు. దాన్ని దిద్దించడానికి మా నాన్న చెప్పులరిగేలా తిరిగాడు. వెళ్లి చూడకుండా ఏదీ రాయకండర్రా. కోతల తర్వాత తీసిన ఒక్క బొమ్మే చూస్తే కంప్యూటరూ అదే తప్పు చేస్తుంది. అందుకే ఖరీఫ్‌లో, రబీలో, వేసవిలో తీసినవి పక్కపక్కన పెట్టుకుంటారు. ఖరీఫ్‌లో మబ్బులతో గొడవే.

మన దేశపు ఉపగ్రహం రిసోర్స్‌శాట్‌లో ఒక కెమెరాకి గడి ఒక్కో వైపు దాదాపు 24 మీటర్లు. అంటే 14 సెంట్లు. ఆదివారం మా నూతి దగ్గర నాలుగు మేకులు పాతి అంత చోటు తాడు కట్టండి. లోపల కొబ్బరి ఉంటుంది, జీడి ఉంటుంది, గడ్డికుప్ప, కొంచెం బాట కూడా పడతాయి. మొత్తానికి ఒక్క పేరే పెట్టాలి. ఏం పెట్టారో నాకు రాయండి.

మీ తాతయ్య