ఫిల్లింగ్ ఎందుకు ఊడుతుంది? పంటి గమ్ము గురించి అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పంటి డాక్టర్‌గా ఉంటే తరచూ వినే మాట ఇది: "సార్, లడ్డూలో కలకండ కొరికినాను, సిమెంట్ ఊడొచ్చేసింది." ముందు కలకండను తిడతారు, తర్వాత ఆ ఫిల్లింగ్ పెట్టిన డాక్టర్‌ని తిడతారు, నాసిరకం సిమెంట్ వేశాడని. చాలాసార్లు ఇద్దరి తప్పూ ఉండదు. ఊడిన గుంతలో అద్దం పెట్టి చూస్తే అంచు వెంబడి గోధుమరంగు గీత కనిపిస్తుంది, ప్రోబ్‌తో తాకితే అక్కడ మెత్తగా దిగుతుంది. అంటే కొన్నేళ్లుగా ఆ సందులో నుంచి నీళ్లు, బ్యాక్టీరియా లోపలికి పోతూనే ఉన్నాయి, కలకండ ఆఖరి దెబ్బ వేసిందంతే. చేతిలో పొట్లం కట్టుకొచ్చిన ఫిల్లింగ్ ముక్క మాత్రం నిక్షేపంగా ఉంటుంది. పాడైంది ఆ ముక్కకీ పంటికీ మధ్య ఉన్న అతుకు.

అపోహ: తెల్ల సిమెంట్ దానంతట అదే పంటికి అంటుకుంటుంది.

అంటుకోదు. మీరు సిమెంట్ అనే తెల్ల పదార్థం పేరు కాంపోజిట్, అది గాజు పొడి కలిపిన ప్లాస్టిక్ రెసిన్. దాన్ని పట్టి ఉంచేది దాని కింద పూసే బాండింగ్ ఏజెంట్, అంటే పాలిమర్ గమ్ము. 1955లో బ్యూనోకోర్ అనే అమెరికా డెంటిస్టు ఫాస్ఫారిక్ ఆమ్లంతో పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌ని గరుకు చేస్తే రెసిన్ గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు, 1962లో బోవెన్‌కి బిస్-జిఎంఏ రెసిన్ మీద పేటెంట్ వచ్చింది, ఇప్పటికీ మనం వాడే ఫిల్లింగుల్లో చాలావాటికి మూలం అదే. ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే కాబట్టి దానితో పేచీ లేదు, ఆమ్లం పెట్టి కడిగి ఆరబెడితే గమ్ము ఏళ్లకేళ్లు పట్టుకునే ఉంటుంది.

అసలు తలనొప్పి ఎనామిల్ కింద ఉండే డెంటిన్‌తో. అందులో 20 శాతం దాకా కొల్లాజెన్ (పీచులాంటి ప్రోటీన్) వంటి పదార్థం, 10 శాతం దాకా నీళ్లు. చదరపు మిల్లీమీటరుకు వేలల్లో సన్నటి గొట్టాలుంటాయి, వాటిలో నుంచి పంటి నరం వైపు నుంచి ద్రవం నెమ్మదిగా బయటికి వస్తూనే ఉంటుంది. ఆమ్లం పెట్టగానే పైపొరలో ఖనిజం కరిగిపోయి కొల్లాజెన్ వల మాత్రం మిగులుతుంది, ఆ వలలోకి గమ్ము దిగాలి, గోనెసంచిలోకి సిమెంట్ పాలు ఇంకినట్టు. ఇలా కలిసిపోయి ఏర్పడే పొరని 1982లో జపాన్‌లో నకబయాషి బృందం వర్ణించింది, హైబ్రిడ్ లేయర్ అంటాం. దాని మందం కొన్ని మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మీ పప్పన్నం, మురుకులు, బెంగళూరా మామిడికాయ ముక్క, రాత్రి పళ్లు నూరుకోవడం, ఇవన్నీ మోసేది ఆ పొరే.

అపోహ: ఎంత బాగా ఆరబెడితే అంత బాగా అంటుకుంటుంది.

ఎనామిల్‌కి నిజం, డెంటిన్‌కి కాదు. ఆమ్లం కడిగాక గాలి గట్టిగా కొడితే కొల్లాజెన్ వల కుప్పకూలి అతుక్కుపోతుంది, గమ్ము దిగడానికి సందు మిగలదు. నీళ్లు ఎక్కువున్నా గమ్ము పలచబడుతుంది. అందుకే చిన్న దూది ఉండతో అద్ది, పైన సన్నగా మెరుపు ఉండేలా వదిలి, అప్పుడు చిన్న బ్రష్‌తో గమ్ము పూసి రుద్దుతాం. బయటి నుంచి చూసేవాళ్లకి "ఏందిది, ఊరికే రుద్దుతా ఉండాడే" అనిపిస్తుంది, కానీ ఆ రుద్దడంలో, తర్వాత సన్నగా గాలి ఊది ద్రావకాన్ని పోగొట్టడంలోనే ఫిల్లింగ్ ఆయుష్షు చాలావరకు ఉంది. ఈ పనికి డాక్టర్ పదినిమిషాలు ఎక్కువ తీసుకుంటే తొందరపెట్టకండి. ఉమ్మి తగలకుండా పంటి చుట్టూ కట్టే రబ్బరు షీటు, అంటే రబ్బర్ డ్యామ్ వేస్తే ఊపిరాడదేమో అని టెన్షన్ పడేవాళ్లున్నారు, ముక్కుతో మామూలుగా గాలి పీల్చుకోవచ్చు. ఉమ్మి ఒక్క చుక్క తగిలినా పూసిన గమ్ము వృథా అవుతుంది.

అపోహ: నీలం లైట్ పెట్టారు కాబట్టి అది లేజర్ ఫిల్లింగ్.

అది ఎల్ఈడీ లైటు. రెసిన్‌లో ఉండే క్యాంఫర్‌క్వినోన్ అనే పదార్థం 470 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతిని పీల్చుకుని గట్టిపడే చర్యను మొదలుపెడుతుంది, అంతే. లేజర్ అని చెప్పి ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వకండి. గట్టిపడేటప్పుడు కాంపోజిట్ 2 నుంచి 3 శాతం దాకా కుంచించుకుంటుంది, ఆ లాగుడంతా అతుకు మీదే పడుతుంది. అందుకే మామూలు కాంపోజిట్‌ని 2 మిల్లీమీటర్ల పొరలుగా వేస్తాం.

అపోహ: కంపెనీ పరీక్షలో బలంగా అతుక్కుంటే నోట్లోనూ ఏళ్ల తరబడి ఉంటుంది.

ఈ అపోహ పేషెంట్లకన్నా మా డాక్టర్లలోనే ఎక్కువ, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. పీకేసిన పంటిని తీసుకుని గమ్ము పూసి ఫిల్లింగ్ కట్టి, డైమండ్ రంపంతో చదరపు మిల్లీమీటరు మందం పుల్లలుగా కోస్తాం, సగం పన్ను, సగం ఫిల్లింగ్, మధ్యలో కనీకనిపించని గీత. పుల్ల రెండు కొసలూ మెషీన్‌కి అతికించి విరిగేదాకా లాగుతాం. 24 గంటల తర్వాత లాగితే ఈరోజు మార్కెట్లో ఉన్న చాలా గమ్ములు మంచి మార్కులే తెచ్చుకుంటాయి. అవే పుల్లల్ని ఆరు నెలలో, సంవత్సరమో నీళ్లలో ఉంచి, లేదా 5 డిగ్రీల నుంచి 55 డిగ్రీల నీళ్లలోకి వేలసార్లు ముంచి తీసి అప్పుడు లాగండి, చాలావాటి బలం బాగా పడిపోతుంది.

కారణాలు రెండు. తడి డెంటిన్‌లోకి దిగాలని గమ్ములో హెమా లాంటి నీళ్లను ఇష్టపడే మోనోమర్లు (ఒకదానికొకటి అతుక్కుని పాలిమర్ అయ్యే చిన్న అణువులు) కలుపుతారు, అవి గట్టిపడ్డాక కూడా నీళ్లను పీల్చుకుంటూనే ఉంటాయి, ఆ నీళ్లు, ఉమ్మిలోని ఎంజైములు కలిసి పాలిమర్‌లోని ఎస్టర్ అనే రసాయన బంధాల్ని కొద్దికొద్దిగా తెంపుతాయి. రెండోది, డెంటిన్‌లోనే నిద్రపోతున్న ఎంఎంపీ అనే ఎంజైములు ఆమ్లం తగలగానే లేచి, గమ్ము చేరని చోట కొల్లాజెన్‌ని తినేస్తాయి. పన్ను తనే తన అతుకును తింటుందన్నమాట. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందు పూసి ఆ ఎంజైముల్ని కట్టడి చేయడం చాలామంది చేసే పని, కొంత కాలం మేలు చేస్తుంది. ఎస్టర్ బదులు అక్రిలమైడ్ బంధాలున్న మోనోమర్లు, బ్యాక్టీరియాని చంపే ఎండీపీబీ, కొల్లాజెన్‌ని గట్టిపరిచే ద్రాక్ష గింజల సారం, ఇలా లోకమంతా వెతుకులాట నడుస్తోంది. ద్రాక్ష గింజల సారం ల్యాబ్‌లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది గానీ డెంటిన్‌కి గోధుమరంగు ఎక్కిస్తుంది, ముందు పంటికి అది ఎవరు పెట్టించుకుంటారు?

నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది 10-ఎండీపీ అనే మోనోమర్. 1980ల మొదట్లో జపాన్‌లో తయారైంది, పంటిలోని కాల్షియంతో రసాయనికంగా బంధం కట్టుకుంటుంది, ఆ బంధం నీళ్లకు అంత తేలిగ్గా లొంగదు.

అపోహ: కొత్తగా వచ్చిన ఒక్క సీసా గమ్ము పాత రెండు మూడు సీసాలకన్నా మేలు.

పని తేలిక, అది నిజమే. కానీ ఆమ్లం, నీళ్లు, రెసిన్ అన్నీ ఒకే సీసాలో ఉండాలంటే గమ్ము నీళ్లను ఇష్టపడేదిగా ఉండక తప్పదు, గట్టిపడ్డాక కూడా దాని గుండా నీళ్లు అటూ ఇటూ తిరుగుతాయి. ఇప్పటికీ పైన నీళ్లను వికర్షించే మరో పొర వేసే పాత పద్ధతులే మన్నికలో ముందున్నాయి. దీనికితోడు మన ఎండలు. మే నెలలో తిరుపతి, రేణిగుంట వైపు 42 డిగ్రీలు దాటే రోజుల్లో సీసా మూత తీసి టేబుల్ మీద వదిలేస్తే గమ్ములోని అసిటోన్ లాంటి ద్రావకం ఎగిరిపోతుంది, ఆమ్లమున్న సీసా లోపల్లోపలే పాడవుతుంది. కొరియర్‌లో ఎండకి మాగి వచ్చిన పార్సెల్‌ని నేను వెనక్కి పంపేస్తాను. జూనియర్ డాక్టర్లకి నేను చెప్పేది, కంపెనీ చెప్పినచోటే దాచండి, ఫ్రిజ్‌లోదైతే కాసేపు బయట పెట్టాకే మూత తీయండి, చుక్క పోశాక వెంటనే మూత పెట్టండి.

అపోహ: ఊడిన క్యాప్‌ని ఇంట్లోనే ఫెవిక్విక్‌తో అతికించుకోవచ్చు.

దయచేసి వద్దు. నోట్లో తడి తగిలీ తగలగానే అది గట్టిపడుతుంది, క్యాప్ సరిగ్గా కూర్చోకముందే బిగుసుకుని పన్ను ఎత్తుగా తగులుతుంది, తర్వాత మేము దాన్ని కోసి తీయాల్సి వస్తుంది, బాగున్న క్యాప్ కూడా పోతుంది. చిన్న డబ్బాలో వేసుకుని రండి, లోపల పన్ను పుచ్చకుండా ఉంటే చాలావరకు అదే క్యాప్‌ని మళ్లీ పెట్టేయవచ్చు.