ఎన్నింటికి తినాలి? హైదరాబాద్ తిండి నడకపై అపోహలు - వాస్తవాలు

ఊరు చూడవచ్చినవాళ్లను హైదరాబాద్ గల్లీల్లో తిప్పడం, తినిపించడం నా వృత్తి. ప్రతి ఒక్కరూ ముందుగా అడిగేది 'ఎక్కడ తినాలి' అనే. ఎన్ని గంటలకు తినాలో అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చాలామంది ప్రయాణం గాడి తప్పేది అక్కడే.

అపోహ: బస చేసిన హోటల్లో టిఫిన్ ముగించి, తీరిగ్గా పదింటికి చార్మినార్ చేరితే చాలు.

అప్పటికి పాతబస్తీలో పొద్దుటి గిన్నెలు కడిగేస్తుంటారు. రాత్రంతా సన్నని సెగ మీద ఉడికిన మాంసం పులుసు నహారీ, ముంచుకోవడానికి నాలుగు మూలల నాన్, అన్నిటికంటే నాకు ఇష్టమైన ఖిచిడీ-ఖీమా-ఖట్టా, అన్నీ ఏడు, ఎనిమిది గంటల వేళవి. కిచిడీ అంటే జ్వరం వచ్చినవాళ్ల పథ్యమని మా అమ్మ నేటికీ అంటుంది. ఇక్కడిది ఆ జావ కాదు. మైసూరు పప్పుతో పొడిపొడిగా వండిన పసుపుపచ్చని అన్నం, పక్కన ఖీమా, పైన చింతపండు, నువ్వులతో చేసిన పల్చని ఖట్టా. మాంసం ముట్టనివాళ్లకూ ఆ వేళే మంచిది: చార్మినార్ దగ్గరి పాత ఫౌంటెన్ గుల్జార్ హౌజ్ పక్కన బండి మీద వెన్న దోసెలు కాలుస్తుంటారు. లాడ్ బజార్ గాజుల దుకాణాలు మాత్రం పదకొండు దాటాకే కళకళలాడతాయి. పొద్దున తిండికి, ఆ తర్వాత గాజులకు!

అపోహ: ఇరానీ చాయ్ ఇరాన్‌లో తాగే టీ.

ఇరాన్ నుంచి వచ్చింది హోటళ్లు పెట్టిన కుటుంబాలు. అక్కడివారు సాధారణంగా పాలు కలపరు. ఇక్కడ డికాక్షన్ మూత బిగించిన పాత్రలో దమ్ మీద మరుగుతుంది, పాలు వేరే గిన్నెలో చిక్కబడతాయి, రెండూ కలిసేది కప్పులోనే. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మోస్తున్న ఉస్మానియా బిస్కెట్‌ను ముంచి ఎక్కువసేపు ఉంచకండి, విరిగి అడుగున పడుతుంది.

అపోహ: పూటపూటా బిర్యానీ తినకపోతే వచ్చి దండగ.

ఒక్కపూట చాలు, అదీ మధ్యాహ్నం. పచ్చి మాంసానికి మసాలా పట్టించి, సగం ఉడికిన బియ్యం కప్పి దమ్ చేసేది కచ్చీ బిర్యానీ. అది తిన్నాక ఎండలో నడవమంటే నేనే నడవను. గది చేరి కునుకు తీయండి.

అపోహ: హలీం ఎప్పుడైనా ఒకటే.

ఏడాది పొడుగునా అమ్మే చోట్లు ఉన్నాయి. కానీ గోధుమలు, మాంసం కలిపి మెత్తగా ఉడికించే, 2010లో భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన ఈ వంటకాన్ని రంజాన్ సాయంత్రాల్లో, హోటల్ ముందు కట్టిన భట్టీ (పెద్ద పొయ్యి) పక్కనే తినాలి.

అపోహ: రెండు రోజుల్లో గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, ఫిల్మ్ సిటీ అన్నీ చుట్టేయవచ్చు.

చుట్టేయవచ్చు, కారు అద్దంలోంచి. మ్యూజియం, ప్యాలెస్ శుక్రవారం మూసి ఉంటాయని కూడా చూసుకోరు. నా మాట వింటే పూటకో పేట చాలు. మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దగ్గర దిగి, నయాపుల్ మీదుగా మూసీ దాటి, పత్తర్‌గట్టి రాతి వరండాల నీడన చార్మినార్‌కు నడవండి. రెండు కిలోమీటర్లే. సాయంత్రానికి 1935 నాటి మొజంజాహీ మార్కెట్ చేరండి. సీతాఫలాల కాలమైతే ఆ పండుతో చేసిన ఐస్‌క్రీమ్ అడగండి, అదే రాత్రి భోజనమైనా నష్టం లేదు.